ఒక్క రోజు విశాఖలో: అత్తగారి అప్పన్న, పిల్లల జలాంతర్గామి, మీరు అడగని ఓడరేవు

అమ్మా, మీ ప్రశ్నను నాకు అర్థమైనంతవరకు ముందుగా చెబుతాను. డిసెంబరు రెండో సగంలో ఒక ఆదివారం ఉదయాన మీరు ఆరుగురు హైదరాబాదు నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖపట్నంలో దిగుతారు, ఆ రాత్రి బండికే తిరిగి వెళ్లిపోవాలి. డెబ్బై రెండేళ్ల మీ అత్తగారికి మోకాళ్ల నొప్పులున్నా సింహాచలం అప్పన్నను చూడాలని ఉంది. పదకొండేళ్ల బాబుకు జలాంతర్గామి కావాలి, ఐదేళ్ల పాపకు సముద్రం కావాలి, మీవారు అరకు అంటున్నారు, మీ మరిది యారాడ, భీమిలి, కైలాసగిరి అంటున్నారు. ఇవన్నీ ఒక్క రోజులో అవుతాయా, అయితే ఏది ముందు, ఏది వెనుక అని అడిగారు.

అన్నీ కావు. అయితే మీ జాబితాలో నుంచి మూడింటిని తీసేస్తే మిగిలినవి ఎవరూ అలసిపోకుండా సుఖంగా అవుతాయి, పైగా మీరు అడగనిది ఒకటి కలపడానికి కూడా వేళ మిగులుతుంది. నేను ఈ ఊళ్లో ముప్పై ఏళ్లకు పైగా ఓడరేవు చుట్టూ ఉండే పనుల్లోనే గడిపి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. బంధువులు దిగినప్పుడల్లా ఊరు చూపించే బాధ్యత నాదే కనుక, ఏ క్రమంలో తిరిగితే పిల్లలు ఏడుస్తారో, ఏ క్రమంలో తిరిగితే పెద్దవాళ్లు కారులోంచి దిగమని మొరాయిస్తారో అనుభవం మీద తెలుసుకున్నాను.

ముందు తీసేయవలసినవి చెబుతాను. అరకు ఇక్కడికి దాదాపు 115 కిలోమీటర్లు, అదీ చివరి భాగమంతా ఘాట్ రోడ్డు. వెళ్లి రావడానికే రోజు సరిపోతుంది. బొర్రా గుహలు కూడా చూడాలంటే రాత్రి బండి మీద ఆశ వదులుకోవలసిందే. అరకుకు ఒక రాత్రి బసతో వేరే ప్రయాణం పెట్టుకోమని మీవారికి చెప్పండి. భీమిలి కూడా మరో రోజుకు ఉంచుకోదగినదే. అది ఊరికి ఉత్తరాన పాతిక కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు అది. అక్కడ డచ్చివారి సమాధులు ఉన్నాయి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు ఉంది. దారిలో ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ బౌద్ధారామం ఉన్నాయి. వీటిని కారు కిటికీలోంచి చూసి వెళ్లిపోవడం కంటే చూడకపోవడమే మేలు.

యారాడ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పటం చూసి చాలామంది మోసపోయేది ఇక్కడే. బీచ్ రోడ్డు మీద నిలబడి దక్షిణానికి చూస్తే సముద్రంలోకి ముక్కు చాచినట్టు ఒక కొండ కనిపిస్తుంది. దాన్నే డాల్ఫిన్స్ నోస్ అంటారు. దాని వెనకే యారాడ. చేయి చాస్తే అందేంత దగ్గరగా ఉన్నట్టు ఉంటుంది కానీ, ఊరికీ ఆ కొండకూ మధ్య ఓడలు లోపలికి వచ్చే కాలువ ఉంది, దాని మీద వంతెన లేదు. అంచేత రోడ్డు మీద వెళ్లాలంటే లోపలి హార్బరు మొత్తాన్ని చుట్టి, కాన్వెంటు కూడలి, సింధియా, మల్కాపురం మీదుగా వెళ్లాలి. లారీల రద్దీలో ఆ చుట్టు తిరుగుడుకే మీ పూట సగం పోతుంది. యారాడ అందమైన తీరమే, కాదనను. కానీ ఒక్క రోజు మనుషులకు అది కాదు.

ఇప్పుడు మీరు అడగనిది. విశాఖకు వచ్చేవాళ్లలో నూటికి తొంభై మంది బీచ్ చూసి, ఓడరేవు ఊరు చూశామనుకుని వెళ్లిపోతారు. ఓడరేవును మాత్రం చూడరు. లోపలికి అనుమతి లేకుండా పోనివ్వరన్నది నిజమే. అయితే చూడటానికి లోపలికే వెళ్లనక్కరలేదు. పాతవూరిలో కాలువ ఒడ్డునే వరసగా మూడు గుట్టలున్నాయి. ఒకదాని మీద మేరీమాత చర్చి ఉంది, దాన్ని రాస్ హిల్ అంటారు. ఒకదాని మీద దర్గా, మరొకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. ఈ మూడింటిలో దేని మీద నిలబడినా కింద ఓడల కాలువ, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్, దూరంగా క్రేన్లు, ఖనిజం గుట్టలు ఒక్క చూపులో కనిపిస్తాయి. అదృష్టం ఉంటే, టగ్గులనే చిన్న లాగుడు పడవలు ముందూ వెనుకా పట్టుకుని నడిపిస్తుండగా ఒక పెద్ద ఓడ ఆ ఇరుకు కాలువలోంచి మీ కళ్ల కిందుగా కదిలి వెళుతుంది. మా మనవడు మొదటిసారి చూసినప్పుడు, ఓడ రోడ్డు మీద నడుస్తోందని అరిచాడు.

ఈ ఓడరేవు ఇక్కడ ఎందుకు పుట్టిందో మీ అబ్బాయికి ఆ గుట్ట మీదే చెప్పండి, పుస్తకంలో చదివితే అంత బాగా ఎక్కదు. ఆ రోజుల్లో కలకత్తాకూ మద్రాసుకూ మధ్య తూర్పు తీరంలో పెద్ద ఓడలు సురక్షితంగా ఆగే చోటు లేదు. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజాన్ని ఎగుమతి చెయ్యాలంటే రాయపూరు వైపు నుంచి దిగే రైలు దారికి దగ్గరగా ఒక రేవు కావాలి. ఇక్కడ గాలివాటాన్ని అడ్డుకునే కొండ ఉంది, దాని వెనక లోతట్టు చిత్తడి నేల ఉంది. ఆ చిత్తడిని తవ్వి హార్బరు చేశారు. 1933లో తొలి ఓడ లోపలికి వచ్చింది. అంతకుముందు కాలువ మొగలో కెరటాల జోరును ఆపడానికి గోడ కట్టే బదులు రెండు పాత ఓడలనే రాళ్లతో నింపి కావాలని ముంచేశారు. ఓడలు రావడానికి ఓడలనే ముంచవలసి వచ్చిందన్నమాట. బయటి హార్బరు తరవాతెప్పుడో, 1976లో వచ్చింది.

మీ క్రమం ఇలా పెట్టుకోండి. దిగగానే నేరుగా తిరగడానికి బయలుదేరకండి. స్టేషనుకు దగ్గరలో పగటి పూటకు రెండు గదులు తీసుకోండి. ఇది దండగ ఖర్చు అనిపించవచ్చు, కానీ మధ్యాహ్నం అత్తగారు నడుం వాల్చడానికి, సాయంత్రం పిల్లల కాళ్లకంటిన ఇసుక కడగడానికి, సామాను కారులో మోసుకుని తిరగకుండా ఉండటానికి ఆ గదులే ఆధారం. ఆరుగురికి ఆటోలు రెండు కావాలి, రెండూ ఒకచోటికి చేరవు. అందుకని ఏడుగురు పట్టే కారు ఒకటి రోజంతటికీ మాట్లాడుకోండి. ఎనిమిది గంటలు, ఎనభై కిలోమీటర్లు అన్న లెక్కన ఇక్కడ బేరం నడుస్తుంది. నేను చెప్పే తిరుగుడు ఎనభై దాటదు కానీ గంటలు దాటుతాయి, కాబట్టి అదనపు గంటకు ఎంత అన్నది బయలుదేరకముందే తేల్చుకోండి.

ఏడు గంటలకల్లా పాతవూరికి చేరండి. రాస్ హిల్ చిన్న గుట్టే, అయినా ఎక్కుడు ఉంది. అత్తగారిని బలవంతం చెయ్యకండి. ఆవిడను ఆ దగ్గరలోనే బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి దగ్గర, మీలో ఒకరి తోడుతో దింపండి. ఆ అమ్మవారికి గర్భగుడి పైకప్పు ఉండదు, ఆకాశం కిందే కొలువు. భక్తులు తమ చేతులతోనే పూజ చేసుకోవచ్చు. మార్గశిర మాసంలో గురువారాలు అక్కడ అడుగు పెట్టడానికి చోటుండదు, మీరు వచ్చేది ఆదివారం కనుక కొంత నయం. మిగిలినవాళ్లు గుట్ట ఎక్కి ఓ అరగంట కూర్చుని రండి. ఒక జాగ్రత్త చెప్పాలి: ఎదురుగా కనిపించే వాటిలో నౌకాదళానికి చెందినవి చాలా ఉన్నాయి. ఫోటోలు తీయకూడదని బోర్డు ఉన్నచోట తీయకండి, పిల్లల చేతికి ఫోను ఇచ్చినప్పుడు ఈ మాట చెప్పి ఇవ్వండి.

అక్కణ్ణుంచి చేపల రేవు కూడా దగ్గరే. పొద్దున్న పూట వేలంపాటలు, మంచు పెట్టెలు, వంజరం చేపను భుజాన వేసుకుని పోయే మనుషులతో అది ఒక ప్రపంచం. కానీ నేల తడిగా జారుతుంది, వాసన గట్టిగా ఉంటుంది, తరవాత మీరు గుడికి వెళ్లాలి. నా మాట వింటే ఈసారికి దాన్ని వదిలేయండి.

టిఫిను చేసి తొమ్మిది లోపల సింహాచలం దారి పట్టండి. ఊరి నుంచి పదిహేను, పదహారు కిలోమీటర్లు ఉంటుంది. కొండ మెట్లు వెయ్యి పైచిలుకు అన్న భయం అత్తగారికి అక్కరలేదు, పైదాకా వాహనాలు వెళ్లే ఘాట్ రోడ్డు ఉంది. ఆదివారం రద్దీ ఉంటుంది. ఉచిత దర్శనం వరసలో నిలబడితే ఎంత సేపో చెప్పలేము, కాబట్టి ఆవిడ మోకాళ్లను దృష్టిలో పెట్టుకుని టికెట్టు దర్శనానికే వెళ్లండి. పెద్దవయసువారికి ప్రత్యేక వరస ఆ రోజు ఉందేమో కొండ మీద విచారించండి. స్వామిని గురించి ఆవిడకు మీకంటే బాగా తెలిసే ఉంటుంది. పిల్లలకు మాత్రం ఒక సంగతి చెప్పండి. ఏడాదంతా స్వామి చందనం పూతలోనే, దాదాపు లింగాకారంలో కనిపిస్తాడు. నిజరూప దర్శనం వైశాఖ శుద్ధ తదియ నాడు ఒక్క రోజే. గుడి పడమటి ముఖంగా ఉంటుంది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కళింగ దండయాత్ర సమయంలో ఇక్కడికి వచ్చి కానుకలు సమర్పించినట్టు శాసనం ఉంది. లోపల కప్పస్తంభాన్ని కౌగిలించుకుంటే కోరిక తీరుతుందని నమ్మకం. మా ఇంట్లో ఆడపిల్లలందరూ కౌగిలించుకున్నవారే, ఎవరు ఏం కోరుకున్నారో నేను అడగలేదు. బయట బుట్టల్లో సింహాచలం సంపెంగలు దొరికితే కొనుక్కోండి. కారులో ఏసీ వాసన పోయి, ఆ రోజంతా ఆ వాసనే ఉంటుంది.

దిగేటప్పుడు వచ్చిన దారిన తిరిగి రావద్దు. ఈ ఒక్క సలహా మీకు ముప్పావు గంట మిగులుస్తుంది. కొండ దిగి అడవివరం, ముడసర్లోవ, ఆరిలోవ మీదుగా హనుమంతవాక చేరే రోడ్డు ఉంది. అటూ ఇటూ కొండలు, మధ్యలో జలాశయం, ఊరి రద్దీ ఉండదు. హనుమంతవాకలో జాతీయ రహదారి దాటి ఊళ్లోకి దిగితే బీచ్ రోడ్డు పది పదిహేను నిమిషాలే. ఆ దారికి దగ్గరలోనే జంతు ప్రదర్శనశాల ఉంది, పాప అడుగుతుంది. ఆపకండి. అది 600 ఎకరాలకు పైబడిన చోటు, దానికే ఒక పూట కావాలి.

మధ్యాహ్న భోజనం, ఆ తరవాత గంట విశ్రాంతి తప్పనిసరి చేసుకోండి. దర్శనం అయిపోయింది కనుక చేపల పులుసు తినేవాళ్లు నిశ్చింతగా తినవచ్చు. బీచ్‌కు మధ్యాహ్నమే పరుగెత్తకుండా ఆపడానికి కారణం కూడా చెబుతాను: మనది తూర్పు తీరం. పొద్దున సూర్యుడు సముద్రం మీంచి నేరుగా మొహాన కొడతాడు. మధ్యాహ్నం మూడు దాటాక ఊరి వెనక్కి వాలతాడు, కట్టడాల నీడ ఇసుక వైపు జరుగుతుంది, గాలి తిరుగుతుంది. అయితే డిసెంబరులో మీరు మరిచిపోకూడనిది ఇంకొకటి ఉంది. హైదరాబాదు కంటే ఇక్కడ దాదాపు ఇరవై నిమిషాల ముందే పొద్దుగూకుతుంది. ఐదున్నర కాకముందే సూర్యుడు కనపడడు. మీ ఊరి అలవాటు ప్రకారం ఆరు దాకా వెలుతురు ఉంటుందనుకుంటే సగం చీకట్లో చూడవలసి వస్తుంది.

రెండున్నరకు జలాంతర్గామి దగ్గర ఉండండి. ఐఎన్ఎస్ కుర్సురా సోవియట్ నిర్మాణం, 91 మీటర్ల పొడవు. 1969 డిసెంబరులో మన నౌకాదళంలో చేరి 2001 ఫిబ్రవరిలో విరమించింది. ఆ తరవాత దాన్ని ఒడ్డుకు లాక్కొచ్చి 2002లో ప్రదర్శనశాలగా తెరిచారు. లోపల ఒక గది నుంచి మరో గదికి గుండ్రటి కంతల్లోంచి వంగి, కాలెత్తి దాటాలి. అత్తగారికి ఇది పనికిరాదు, మొహమాటపడి తీసుకెళ్లకండి. బాబుకు మాత్రం టార్పెడో గొట్టాలు, ఒకరి మీద ఒకరు పడుకునే అరల మంచాలు, డెబ్బై మందికి పైగా మనుషులు నెలల తరబడి బతికిన ఆ ఇరుకు చూస్తే నోట మాట రాదు. రోడ్డుకు అవతల టీయూ-142 విమానం ఉంది. సముద్రం మీద జలాంతర్గాములను వెతికే విమానం అది, 29 ఏళ్లు పనిచేసి 2017లో విరమించింది. ముందు దాక్కునేదాన్నీ, తరవాత వెతికేదాన్నీ చూస్తే పిల్లవాడికి రెండూ కలిపి బోధపడతాయి.

అక్కడే 1971 యుద్ధ స్మారకం ఉంది. చాలామంది కుర్సురాయే పాకిస్తాన్ జలాంతర్గామి గాజీని ముంచిందని పిల్లలకు చెబుతుంటారు, అది తప్పు. గాజీ 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి విశాఖ తీరానికి చేరువలో మునిగింది. దాన్ని ఐఎన్ఎస్ రాజ్‌పుత్ దెబ్బతీసిందని మన నౌకాదళం చెబుతుంది, దానంతటదే పేలిందని పాకిస్తాన్ చెబుతుంది. కుర్సురాకు ఆ సంఘటనతో సంబంధం లేదు.

ఒక సంగతి మరిచిపోవద్దు. ఈ ప్రదర్శనశాలలకు సోమవారం సెలవు. మిగిలిన రోజుల్లో కూడా తెరిచే వేళలు అప్పుడప్పుడు మారుతుంటాయి కనుక ముందురోజు ఫోను చేసి కనుక్కోండి. ఓసారి నేనే మా వియ్యాలవారిని సోమవారం నాడు ఎంతో ఆర్భాటంగా తీసుకువెళ్లి, తాళం వేసిన గేటు చూపించి వెనక్కి తెచ్చాను. ముప్పై ఏళ్లు ఊళ్లో ఉన్నవాడి పరువు ఆ పూట పోయింది.

మూడున్నర నుంచి నాలుగున్నర దాకా పాపకు సముద్రం. ఇక్కడ నేను కొంచెం గట్టిగా మాట్లాడుతాను, ఏమీ అనుకోకండి. రామకృష్ణా బీచ్ స్నానానికి తగిన తీరం కాదు. ఇక్కడ నేల నెమ్మదిగా లోతు కాదు, కొన్ని అడుగులు వేసేసరికి ఒక్కసారిగా దిగిపోతుంది. కెరటం ఒడ్డుకు దగ్గరగా విరిగి, వెనక్కి పోయేటప్పుడు కాలి కింది ఇసుకతో సహా లాగుతుంది. ఈత వచ్చినవాళ్లు కూడా ఇక్కడ పోయారు. చీలమండ తడిస్తే చాలు, మోకాలి దాకా ఎవరూ వెళ్లవద్దు, పాప చేయి పెద్దవాళ్లెవరో ఒకరు వదలకుండా పట్టుకోవాలి, ఫోటో తీసేవాళ్లు వేరే ఉండాలి. నీళ్లలో తడిసి ఆడాలన్న పట్టుదల ఉంటే రుషికొండ తీరం కొంత మేలు, అక్కడ కాపలా మనుషులు ఉంటారు. కానీ అప్పుడు కైలాసగిరి వదులుకోవాలి.

ఈ తీరంలో ఇసుక ఒక ఏడాది మెండుగా, మరో ఏడాది పలచగా ఎందుకు ఉంటుందో కూడా ఓడరేవుతో ముడిపడిన కథే. మన తీరం వెంబడి ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి ప్రయాణిస్తూ ఉంటుంది. హార్బరు గోడలు దానికి అడ్డం పడ్డాయి. దక్షిణాన ఇసుక పేరుకుంటుంది, ఉత్తరాన ఉన్న ఈ బీచ్‌కు రావలసిన వాటా రాదు, అల కోసుకుపోతుంది. అందుకే అడ్డం పడిన ఇసుకను తవ్వోడలతో తోడి, గొట్టాల ద్వారా ఇటు పోస్తుంటారు. మీరు నిలబడే ఇసుకలో కొంత ఇలా ఓడ మీద వచ్చినదే.

నాలుగున్నరకు కైలాసగిరి బయలుదేరండి. దారిలో తెన్నేటి పార్కు వస్తుంది. 2020 అక్టోబరులో వాయుగుండం వేళ లంగరు తెగిన ఒక బంగ్లాదేశ్ సరుకు ఓడ కొట్టుకొచ్చి ఆ రాళ్ల మీదే ఆగిపోయింది. కైలాసగిరి పైకి కారు వెళుతుంది కనుక అత్తగారికి ఇబ్బంది లేదు. పిల్లలను తీగమార్గంలో (రోప్‌వే) ఎక్కించాలనుకుంటే ఆదివారం సాయంత్రం వరసకు సిద్ధపడండి, లేదా అందరూ కారులోనే వెళ్లి పైన చిన్న రైలు ఎక్కించండి. శివపార్వతుల విగ్రహాల దగ్గర అందరూ గుమిగూడతారు. మీరు దక్షిణపు అంచుకు నడవండి. తీరం కొడవలిలా వంగి, చివర ఉదయం మీరు చూసిన డాల్ఫిన్స్ నోస్ దగ్గర ముగుస్తుంది. ఐదున్నర తరవాత ఊరి దీపాలు, బయటి లంగరులో ఆగి ఉన్న ఓడల దీపాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. ఆ ఓడలను బాబు లెక్కపెట్టుకుంటాడు, మీరు ఓ పావుగంట ప్రశాంతంగా కూర్చోవచ్చు.

ఆరుంబావుకు కిందికి దిగండి, అంతకంటే ఆలస్యం చెయ్యకండి. ఆదివారం రాత్రి బీచ్ రోడ్డు నిండిపోతుంది, అక్కణ్ణుంచి గదికి, గది నుంచి స్టేషనుకు కలిపి గంటన్నర లెక్క వేసుకోండి. మురీ మిక్చరు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు తినాలనుకుంటే బీచ్‌లో ఉండగా మూడున్నరకే తినేయండి, రాత్రికి వాయిదా వేస్తే కుదరదు. మాడుగుల హల్వా మాత్రం తిరుగు ప్రయాణంలో పట్టుకెళ్లవచ్చు, చాలా రోజులు నిలవ ఉంటుంది.

మీ ప్రయాణం ఏ కారణం చేతనైనా డిసెంబరు మొదటి వారానికి మారితే నాకు మళ్లీ రాయండి. నౌకాదళ దినోత్సవం డిసెంబరు 4న. ఇక్కడ విన్యాసాలు జరిపే ఏడాది ముందు రోజుల నుంచే బీచ్ రోడ్డులో వాహనాలను ఆపుతారు. అప్పుడు జలాంతర్గామిని ఉదయానికి, సింహాచలాన్ని మధ్యాహ్నానికి మార్చి మొత్తం క్రమం తిరగరాయవలసి ఉంటుంది.